కాలిఫోర్నియాలో మీ సిటీ కౌన్సిల్ ముందు ఒక విషయం పెట్టడం ఎలా

ఫ్రీమాంట్, సన్నీవేల్, కూపర్టినో, శాన్ హోసే వంటి నగరాల్లో ఏళ్ల తరబడి నివసిస్తూ, ఇల్లు కొనుక్కుని ఆస్తి పన్ను కడుతూ, పిల్లలను అక్కడి బడుల్లోనే చదివిస్తూ కూడా, సిటీ కౌన్సిల్ సమావేశం జరిగే హాలులో ఒక్కసారైనా అడుగు పెట్టని తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మనకు ఓటు లేదు కదా, మన మాట ఎవరు వింటారు అన్నది వారి నోట తరచుగా వినిపించే జవాబు. చట్టప్రకారం ఆ జవాబు సరైనది కాదు. కాలిఫోర్నియా శాసనసభ 1953లో చేసి, ఆ తరువాత పలుమార్లు సవరించిన బ్రౌన్ చట్టం ప్రకారం స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలి, అజెండాలోని అంశం మీద నిర్ణయం తీసుకునే ముందు ప్రజలకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. ఆ అవకాశానికి పౌరసత్వంతో గానీ ఓటరు జాబితాతో గానీ సంబంధం లేదు. హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్నవారు, గ్రీన్ కార్డు కోసం ఎదురు చూస్తున్నవారు, మనవల దగ్గర కొన్ని నెలలు గడపడానికి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు, అందరూ మాట్లాడవచ్చు. సమావేశానికి రావాలంటే పేరు నమోదు చేసుకోవాలని షరతు పెట్టడానికి కూడా చట్టం ఒప్పుకోదు.

అయితే హక్కు ఉండటం వేరు, దాన్ని ఫలితం వచ్చేటట్టు వాడుకోవడం వేరు. సమావేశం రోజు రాత్రి సభ్యులు ఓటు వేసే సమయానికి చాలా అంశాల్లో నిర్ణయం అప్పటికే ఒక రూపానికి వచ్చి ఉంటుంది. సిబ్బంది నివేదిక రాసేటప్పుడు, బడ్జెట్‌లో ఏ పనికి ఎంత పెట్టాలో లెక్క వేసేటప్పుడు, కౌన్సిల్ నియమించిన కమిషన్లు సిఫార్సు చేసేటప్పుడు ఆ రూపం ఏర్పడుతుంది. కాబట్టి మైకు ముందు మాట్లాడే మూడు నిమిషాల కంటే, దానికి ముందు వారాల్లో మీరు చేసే పనికే ఎక్కువ విలువ ఉంటుంది. మీ పిల్లల బడి దగ్గర కూడలిలో వాహనాలు ఆగడం లేదనీ, అక్కడ మెరుస్తూ హెచ్చరించే దీపాలతో కూడిన క్రాస్‌వాక్ (పాదచారులు రోడ్డు దాటే గీతల దారి) కావాలనీ మీరు కోరుతున్నారనుకుందాం. ఆ ఒక్క కోరికను వెంట పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నడుద్దాం.

ముందుగా, విషయం ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

అమెరికాలో స్థానిక పాలన ఒక్క చోట పోగుపడి ఉండదు. బడి లోపలి విషయాలు, ఉపాధ్యాయులు, బడి సరిహద్దులు స్కూల్ డిస్ట్రిక్ట్ (బడులను నడిపే విడి స్థానిక సంస్థ) బోర్డు చేతిలో ఉంటాయి, కౌన్సిల్‌కు వాటి మీద అధికారం లేదు. పైగా డిస్ట్రిక్టుల హద్దులు, నగరాల హద్దులు ఒకటి కావు. కూపర్టినో యూనియన్ స్కూల్ డిస్ట్రిక్టులోని బడులకు శాన్ హోసే, సన్నీవేల్ నగరాల్లోని కొన్ని ప్రాంతాల పిల్లలు కూడా వెళతారు. ఫ్రీమాంట్‌లో మంచినీరు అలమీడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్టుది, మురుగునీరు యూనియన్ శానిటరీ డిస్ట్రిక్టుది, రెండూ నగరపాలనకు వెలుపలి సంస్థలే. సన్నీవేల్‌లో మాత్రం నీటి సరఫరాను నగరమే చూసుకుంటుంది, పోలీసు, అగ్నిమాపక సేవలు కూడా ఒకే శాఖగా నగరం చేతిలోనే ఉన్నాయి. కూపర్టినోకు సొంత పోలీసు శాఖ లేదు, కౌంటీ షెరిఫ్‌తో ఒప్పందం మీద ఆ సేవ పొందుతుంది.

రోడ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మీ ఇంటి వీధి నగరానిదే కావచ్చు గానీ, దాన్ని కలిసే పెద్ద రోడ్డు రాష్ట్ర రహదారి అయితే సిగ్నల్ మార్చడానికి రాష్ట్ర రవాణా శాఖ అయిన కాల్‌ట్రాన్స్ అనుమతి కావాలి. బే ఏరియాలో ఎల్ కమినో రియల్ రోడ్డు చాలా మేరకు రాష్ట్ర రహదారి 82 కిందికి వస్తుంది. ఇక మీరు ఉన్న చోటు అసలు నగరమేనా అన్నది కూడా చూసుకోవాలి. తపాలా చిరునామాలో ఊరి పేరు ఉన్నా, కొన్ని ప్రాంతాలు నగర హద్దుల్లో చేరకుండా నేరుగా కౌంటీ పాలనలో ఉంటాయి. మన వాళ్లు ఎంతోమంది స్థిరపడిన మౌంటెన్ హౌస్ అనే ఊరు 2024 జులై 1న గానీ నగరం కాలేదు. కౌంటీ వెబ్‌సైటులోని పటంలో చిరునామా కొట్టి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

మన క్రాస్‌వాక్ నగరం నిర్వహించే వీధి మీద ఉంటే అది కౌన్సిల్ పరిధిలోనిదే. బడి గేటు లోపలి వాహనాల వరుస సమస్య అయితే స్కూల్ డిస్ట్రిక్టుదే. రెండూ కలిసి ఉన్నప్పుడు రెండు చోట్లా రాయడమే మంచిది, ఎందుకంటే ఒకరి పేరు ఇంకొకరు చెప్పి తప్పుకోవడం అప్పుడు కష్టమవుతుంది.

కౌన్సిల్‌లో ఎవరు ఏం చేస్తారో తెలుసుకోండి

కూపర్టినో కౌన్సిల్‌లో 5గురు సభ్యులు ఉంటారు, మేయర్ పదవి వారి మధ్యనే మారుతూ ఉంటుంది. ఫ్రీమాంట్, సన్నీవేల్ నగరాల్లో నగరంలోని ఒక్కో డిస్ట్రిక్టు (ఎన్నికల విభాగం) నుంచి ఒకరు చొప్పున ఆరుగురు సభ్యులతో పాటు నగరమంతా కలిసి ఎన్నుకున్న మేయర్ ఉంటారు. శాన్ హోసేలో 10 మంది సభ్యులు, ఒక మేయర్. ఎక్కడైనా మేయర్‌ది ఒక్క ఓటే, ఇది మరవకండి. రోజువారీ పాలన సిటీ మేనేజర్ నడుపుతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నగరాల్లో మున్సిపల్ కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. ఇక్కడి సిటీ మేనేజర్‌ను కౌన్సిలే నియమించుకుంటుంది, కౌన్సిలే తొలగించగలదు. అందువల్ల సభ్యులు గట్టిగా అడిగితే సిబ్బంది కదులుతారు, కానీ ఏ సభ్యుడూ ఒంటరిగా ఒక ఇంజనీరుకు ఆదేశం ఇవ్వడం పద్ధతి కాదు. మీకు అందరికంటే ఎక్కువగా ఉపయోగపడే వ్యక్తి సిటీ క్లర్క్. అజెండాలు, లేఖలు, తీర్మానాలు, పాత సమావేశాల రికార్డులు అన్నీ ఆ కార్యాలయంలోనే ఉంటాయి. ప్రశ్న ఎంత చిన్నదైనా సరే, అక్కడికి ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

కౌన్సిల్ కంటే ముందు సిబ్బందిని అడగండి

గుంతలు, వెలగని వీధి దీపాలు, పడిపోయిన స్టాప్ గుర్తు, తీసుకెళ్లని చెత్త, వీటిలో ఏదీ కౌన్సిల్ దాకా వెళ్లాల్సిన పని కాదు. శాన్ హోసేలో 311 సేవ ద్వారా, మిగతా నగరాల్లో వాటి వెబ్‌సైటు లేదా ఫోన్ ద్వారా ఫిర్యాదు చేస్తే సరిపోతుంది. ఆ ఫిర్యాదుకు ఇచ్చిన సంఖ్యను భద్రపరచుకోండి.

క్రాస్‌వాక్ వంటి కోరికను ట్రాఫిక్ ఇంజనీరింగ్ విభాగానికి రాతపూర్వకంగా పంపాలి. కూడలి పేరు, రద్దీ ఎక్కువగా ఉండే వేళలు, రోజూ దాటే పిల్లల సుమారు సంఖ్య, మీరు చూసిన ప్రమాదకరమైన సంఘటనలు తేదీలతో సహా రాయండి. ఒకరి ఫిర్యాదు కంటే బడి తల్లిదండ్రుల సంఘం, ఆ వీధిలోని నాలుగైదు ఇళ్లవారు కలిసి పంపిన లేఖకు బరువు ఎక్కువ. ఆ విభాగం ఇంజనీర్లు వాహనాల రాకపోకలను లెక్కించి, గతంలో జరిగిన ప్రమాదాల రికార్డు చూసి, అవసరం ఉందో లేదో అంచనా వేస్తారు. దీనికి నెలలు పట్టవచ్చు. జవాబు 'కాదు' అని వస్తే, ఏ ప్రమాణం ప్రకారం కాదన్నారో, ఆ లెక్కలేమిటో ఇవ్వమని అడగండి. కౌన్సిల్ ముందు మీ వాదనకు పునాది ఆ కాగితమే. సిబ్బందిని అడగకుండా నేరుగా కౌన్సిల్‌కు వెళితే, సభ్యులు మర్యాదగా విని, 'సిబ్బంది పరిశీలిస్తారు' అని చెప్పి మిమ్మల్ని మళ్లీ ఇక్కడికే పంపుతారు.

అజెండాను చదవడం అలవాటు చేసుకోండి

మామూలు సమావేశానికి కనీసం 72 గంటల ముందు అజెండాను బహిరంగంగా ఉంచాలని చట్టం చెబుతుంది, ప్రత్యేక సమావేశానికి 24 గంటలు చాలు. చాలా నగరాల్లో కౌన్సిల్ మంగళవారం కూర్చుంటుంది కాబట్టి, చట్టం కోరిన కనీస గడువే పాటించినా శనివారానికల్లా అజెండా మీ చేతిలో ఉంటుంది. చాలా నగరాలు అంతకంటే ముందే పెడతాయి. నగరం వెబ్‌సైటులో మీ ఇమెయిల్ చిరునామా నమోదు చేసుకుంటే అది తనంతట తానే వస్తుంది. వారాంతంలో ఓ అరగంట దీనికి కేటాయించండి, నగరం ఏం చేయబోతోందో ఏ వార్తాపత్రికా చెప్పనంత వివరంగా తెలుస్తుంది.

అజెండాలో మొదట కనిపించేది తరచుగా క్లోజ్డ్ సెషన్. నగరం మీద నడుస్తున్న దావాలు, స్థలాల కొనుగోలు బేరాలు, ఉద్యోగ సంఘాలతో వేతన చర్చలు, ఉన్నతోద్యోగుల నియామకం వంటి కొద్ది విషయాలను మాత్రమే తలుపులు మూసి చర్చించవచ్చు. వాటి మీద కూడా లోపలికి వెళ్లే ముందు ప్రజలు మాట్లాడవచ్చు, లోపల తీసుకున్న కొన్ని రకాల నిర్ణయాలను బయటికి వచ్చాక ప్రకటించాలి. ఆ తరువాత సన్మానాలు, ప్రకటన పత్రాలు ఉంటాయి. దీపావళికో, మన పండుగలకో నగరం ప్రకటన పత్రం ఇచ్చే ఘట్టం ఇదే. మన సంఘాలు కౌన్సిల్ హాలుకు గుంపుగా వచ్చేది తరచుగా ఈ ఒక్క అంశానికే. ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా తరువాతి గంట కూడా కూర్చోమని నా విన్నపం, ఎందుకంటే డబ్బుకు, రోడ్లకు, ఇళ్లకు సంబంధించిన పని అప్పుడే మొదలవుతుంది.

కన్సెంట్ క్యాలెండర్ అనే భాగాన్ని అన్నిటికంటే జాగ్రత్తగా చూడాలి. పెద్దగా వివాదం ఉండదని సిబ్బంది భావించిన అంశాలన్నిటినీ అక్కడ ఒక్క పట్టీగా చేర్చి, చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదిస్తారు. గత సమావేశపు మినిట్స్ (ఏం జరిగిందో రాసిన రికార్డు) అక్కడే ఉంటాయి, లక్షల డాలర్ల రోడ్డు కాంట్రాక్టులూ అక్కడే ఉంటాయి. మీ బడి వీధికి కొత్త తారు వేసే కాంట్రాక్టు అక్కడ కనిపించిందంటే, క్రాస్‌వాక్ గీతలు, కాలిబాట మలుపులు అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదు, యంత్రాలు ఎలాగూ ఆ వీధికి వస్తున్నాయి కాబట్టి. పట్టీలోని ఒక అంశాన్ని విడదీసి విడిగా చర్చించమని కోరవచ్చు. కొన్ని నగరాల్లో ప్రజలు కోరినా విడదీస్తారు, మరికొన్ని చోట్ల ఎవరైనా సభ్యుడు అడగాలి. ఏ పద్ధతి ఉందో క్లర్క్ చెబుతారు.

ఆపైన పబ్లిక్ హియరింగులు (చట్టం ప్రకారం ముందుగా నోటీసు ఇచ్చి జరిపే బహిరంగ విచారణలు), ఆ తరువాత మామూలు చర్చాంశాలు వస్తాయి. ప్రతి అంశానికీ ఒక సిబ్బంది నివేదిక జతగా ఉంటుంది. దాన్ని మొదటి నుంచి చదవనక్కరలేదు. మొదట సిఫార్సు చూడండి, కౌన్సిల్ ఏం చేయాలని సిబ్బంది కోరుతున్నారో అందులో ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. తరువాత ఖర్చుల భాగం చూడండి, డబ్బు ఏ నిధి నుంచి వస్తుందో, ఈ ఏడాది బడ్జెట్‌లో ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. ఆ తరువాత ప్రత్యామ్నాయాలు చూడండి. సిబ్బంది తోసిపుచ్చిన మార్గం మీరు కోరుకున్నదే అయితే, ఎందుకు తోసిపుచ్చారో రాసిన వాక్యానికే మీ మాటలు సమాధానం కావాలి. అజెండా వెలువడిన తరువాత, అంటే 72 గంటల లోపు, సభ్యులందరికీ లేదా వారిలో ఎక్కువమందికి ఏదైనా కాగితం పంచితే అదే సమయానికి ప్రజలకూ అందుబాటులో ఉంచాలి. కాబట్టి మంగళవారం మధ్యాహ్నం వెబ్‌సైటును మరోసారి చూడటం మరవకండి.

సభ్యులను విడివిడిగా కలవండి, ఒకరి మాట ఇంకొకరికి మోయకండి

మీ డిస్ట్రిక్టు సభ్యునికి ఇమెయిల్ రాసి పావుగంట సమయం అడగండి. వీలైతే కూడలి దగ్గరికే రమ్మని, బడి వదిలే వేళకు పిలవండి. నివేదికలోని పది పేజీలు చెప్పలేనిది ఆ పావుగంటలో కంటికి కనబడుతుంది. మిగతా సభ్యులను కూడా కలవడం మీ హక్కే.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. సభ్యుల్లో మెజారిటీ సంఖ్యకు సరిపడా మంది, సమావేశం బయట, ఒకరి తరువాత ఒకరుగా గానీ మధ్యవర్తి ద్వారా గానీ ఒకే అంశాన్ని చర్చించుకోవడాన్ని బ్రౌన్ చట్టం నిషేధిస్తుంది. 'ఫలానావారు మావైపే ఉంటామన్నారు, మీరూ ఒప్పుకుంటే మూడు ఓట్లు అవుతాయి' అని మీరు సభ్యుల మధ్య తిరిగితే, మీరే ఆ మధ్యవర్తి అవుతారు. మన ఊళ్లలో పెద్దమనుషులు పని చక్కబెట్టే తీరు అదే కాబట్టి, తెలియకుండానే ఈ పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. ప్రతి సభ్యుడికీ మీ వాదన మాత్రమే చెప్పండి, ఇంకో సభ్యుడి అభిప్రాయం చెప్పవద్దు.

డబ్బు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేనివారు ఎన్నికల అభ్యర్థులకు విరాళం ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది, అది సిటీ కౌన్సిల్ ఎన్నికలకూ వర్తిస్తుంది. హెచ్-1బి మీద ఉన్నవారు స్నేహితుడి నిధుల సేకరణ విందులో వంద డాలర్లు ఇచ్చినా ఉల్లంఘనే. ఇక కౌన్సిల్ ముందు అనుమతి కోసమో కాంట్రాక్టు కోసమో దరఖాస్తు ఉన్నవారు ఒక సభ్యుడికి 500 డాలర్లకు మించి విరాళం ఇచ్చి ఉంటే, ఆ తరువాత 12 నెలల పాటు ఆ సభ్యుడు ఆ దరఖాస్తుపై నిర్ణయంలో పాల్గొనడం కుదరదు. గుడి కమిటీలు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మీకు అండగా నిలిచే సభ్యుడి ఓటే మీకు దక్కకుండా పోవచ్చు.

లేఖ

లేఖ ఒక పేజీకి మించకూడదు. ఇమెయిల్ సబ్జెక్టులో సమావేశం తేదీ, అంశం సంఖ్య, సమర్థిస్తున్నారా వ్యతిరేకిస్తున్నారా అన్నది ఉండాలి. మొదటి వాక్యంలోనే మీరు కోరేదేమిటో చెప్పండి. క్లర్క్ చెప్పిన గడువు లోపల పంపితే అది సభ్యులందరికీ అందుతుంది, రికార్డులోనూ చేరుతుంది. మీరు పంపిన లేఖ బహిరంగ పత్రం అవుతుంది కాబట్టి ఇంటి నంబరు, ఫోన్ నంబరు, పిల్లల పేర్లు అందులో రాయకండి, ఏ వీధి పరిసరాల్లో ఉంటున్నారో చెబితే చాలు. ఒకే నమూనా లేఖను వందమంది పంపడం కంటే, పదిమంది తమ సొంత మాటల్లో తాము చూసింది రాయడం సభ్యుల మీద ఎక్కువ ప్రభావం చూపుతుందని నా అభిప్రాయం.

మాట్లాడే రోజు

హాలులోకి వెళ్లగానే స్పీకర్ కార్డు (మాట్లాడదలచినవారు నింపే చీటీ) తీసుకుని అంశం సంఖ్య వేసి క్లర్క్‌కు ఇవ్వండి. మామూలుగా 3 నిమిషాలు ఇస్తారు. మాట్లాడేవారు ఎక్కువైతే దాన్ని 2 నిమిషాలకో, ఒక్క నిమిషానికో తగ్గిస్తారు, కాబట్టి ఒక్క నిమిషంలో చెప్పగలిగిన రూపాన్ని కూడా సిద్ధంగా పెట్టుకోండి. మీరు తెలుగులోనే మాట్లాడి, మరొకరు ఇంగ్లీషులోకి అనువదించేటట్టయితే, కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని రాష్ట్ర చట్టం స్పష్టంగా చెబుతుంది. అప్పటికప్పుడే అనువాదం వినిపించే పరికరాలు ఉన్న చోట మాత్రం ఇది వర్తించదు. రోజూ మనవడి చేయి పట్టుకుని ఆ కూడలి దాటించే తాతయ్య, ఇంగ్లీషు రాదని వెనకాడనక్కరలేదు. పక్కన కూతురో కొడుకో నిలబడి అనువదిస్తే చాలు, ముందుగా క్లర్క్‌కు ఒక మాట చెప్పి ఉంచండి.

మాటల క్రమం ఇలా ఉంటే బాగుంటుంది: మీరెవరు, ఏ ప్రాంతంలో ఉంటారు, ఏ అంశం మీద, కౌన్సిల్ ఏం చేయాలని కోరుతున్నారు, మీరు కళ్లారా చూసిన ఒక సంఘటన, సిబ్బంది నివేదికలోని ఏ మాటతో మీరు విభేదిస్తున్నారు, ఎందుకు, మళ్లీ మీ కోరిక ఒక్క వాక్యంలో. ముందు మాట్లాడినవారు మీ మాటే చెప్పి ఉంటే దాన్ని తిరిగి చెప్పకుండా, 'వారితో ఏకీభవిస్తున్నాను' అని చెప్పి, కొత్త సంగతి ఒకటి చేర్చి ముగించండి. పదిమందిగా వెళితే విషయాలను ముందే పంచుకోండి: ఒకరు ప్రమాదాల సంగతి, ఒకరు వృద్ధుల ఇబ్బంది, ఒకరు ఖర్చు, ఒకరు పొరుగు నగరం చేసిన పని. నగరం విధానాలను గానీ సిబ్బంది పనితీరును గానీ విమర్శించారని మిమ్మల్ని ఆపే అధికారం కౌన్సిల్‌కు లేదు. అయినా వ్యక్తుల మీదికి వెళ్లకుండా పని మీదనే మాట్లాడినవారి మాటే నిలుస్తుంది.

సభ్యులు మీతో సంభాషణకు దిగకపోతే చిన్నబుచ్చుకోకండి. ప్రజలు మాట్లాడటం పూర్తయ్యాకే వారి చర్చ మొదలవుతుంది, మీరు లేవనెత్తిన ప్రశ్నను సిబ్బందిని అడగడం అప్పుడే జరుగుతుంది. అందుకని చెప్పి వెళ్లిపోకుండా ఓటు అయ్యే దాకా కూర్చోండి.

అజెండాలో లేని విషయమైతే

ప్రతి మామూలు సమావేశంలోనూ అజెండాలో లేని విషయాల మీద మాట్లాడే భాగం ఒకటి ఉంటుంది. నగరం పరిధిలోని ఏ విషయమైనా అక్కడ చెప్పవచ్చు. కానీ అజెండాలో లేనిదాన్ని చర్చించడానికి, నిర్ణయించడానికి చట్టం ఒప్పుకోదు. సభ్యులు క్లుప్తంగా జవాబివ్వవచ్చు, ప్రశ్న అడగవచ్చు, సిబ్బందికి అప్పగించవచ్చు, రాబోయే అజెండాలో పెట్టమని కోరవచ్చు. మీరు ఆశించాల్సింది ఆ చివరిదే. కాబట్టి 'క్రాస్‌వాక్ వేయండి' అని కాకుండా, 'ఈ కూడలి అధ్యయనాన్ని రాబోయే సమావేశంలో చర్చకు పెట్టండి' అని అడగండి, ఆ మాట అనడానికి సిద్ధంగా ఉన్న సభ్యుణ్ణి ముందుగానే చూసుకోండి. సన్నీవేల్‌లో స్టడీ ఇష్యూ అనే పద్ధతి ఉంది. ప్రజలు ప్రతిపాదించిన విషయాలను కూడా పరిశీలనకు తీసుకుని, వాటికి ఏటా కౌన్సిల్ ప్రాధాన్య క్రమం నిర్ణయిస్తుంది. మీ నగరంలో అటువంటి పద్ధతి ఉందేమో కనుక్కోండి.

గుడి, ఇల్లు, స్థల వినియోగం

గుడికో సంగీత పాఠశాలకో వినియోగ అనుమతి కావాలంటే విషయం సాధారణంగా మొదట స్థల వినియోగాన్ని పరిశీలించే ప్లానింగ్ కమిషన్ ముందుకు వస్తుంది. అక్కడి నిర్ణయం నచ్చనివారు కొద్ది రోజుల గడువు లోపల రుసుము కట్టి కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. గడువు నగరాన్ని బట్టి మారుతుంది, ఒక్క రోజు దాటినా తలుపు మూసుకుపోతుంది. ఇటువంటి హియరింగుకు కనీసం 10 రోజుల ముందు, 300 అడుగుల లోపల ఉన్న స్థలాల యజమానులకు నోటీసు పంపాలి. అద్దెకు ఉన్నవారికి ఆ నోటీసు రాకపోవచ్చు, కాబట్టి స్థలం దగ్గర అతికించిన కాగితాలను చూస్తూ ఉండాలి.

మీ అభ్యంతరాలన్నీ, మీ సమర్థన అంతా ఈ హియరింగులోనే చెప్పాలి, లేదా అప్పటికల్లా రాతలో ఇవ్వాలి. తరువాత కోర్టుకు వెళ్లాల్సి వస్తే, హియరింగులో గానీ అంతకు ముందు లేఖలో గానీ ఎవరూ ఎత్తని అంశాన్ని కొత్తగా ఎత్తడానికి సాధారణంగా వీలుండదు. గుడి కమిటీ వారు తమవైపు ఎంతమంది భక్తులు వచ్చారన్న లెక్క కంటే, పార్కింగ్, శబ్దం, పండుగ రోజుల జనం గురించి పొరుగువారు వేసే ప్రశ్నలకు లెక్కలతో కూడిన జవాబులు సిద్ధం చేసుకోవడం మీద శ్రద్ధ పెట్టాలి. హియరింగుకు నెల ముందే ఆ పొరుగువారిని టీకి పిలిచి వారి సందేహాలు వినడం ఇంకా మంచిది.

ఓటు తరువాత

ఒక సభ్యుడు ప్రతిపాదించి, మరొకరు బలపరిచాక ఓటు జరుగుతుంది. తీర్మానం వెంటనే అమలులోకి రావచ్చు. ఆర్డినెన్స్, అంటే నగర చట్టం అయితే, మొదట ప్రవేశపెట్టి, కనీసం 5 రోజుల తరువాత మరో సమావేశంలో ఆమోదించాలి, ఆమోదించిన 30 రోజులకు గానీ అమలులోకి రాదు. అత్యవసర ఆర్డినెన్స్‌కు మినహాయింపు ఉంది గానీ దానికి సభ్యుల్లో అయిదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. సొంత చార్టర్ (నగరం తనకు తాను రాసుకున్న మూల శాసనం) ఉన్న నగరాల్లో కొన్ని నియమాలు వేరుగా ఉండవచ్చు. రెండో ఆమోదం మామూలుగా కన్సెంట్ క్యాలెండర్‌లో వస్తుంది, చాలామంది దాన్ని గమనించరు. అంశం వాయిదా పడితే ఏ తేదీకో రాసుకోండి.

ఓటు మీకు అనుకూలంగా వచ్చినా పని మొదలు కావడానికి నిధులు కావాలి. నగరాల ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. సిటీ మేనేజర్ ముసాయిదా బడ్జెట్ వసంతకాలంలో వస్తుంది, కౌన్సిల్ దాన్ని జూన్‌లో ఆమోదిస్తుంది. జూన్‌లో వెళ్లి క్రాస్‌వాక్ అడిగితే అప్పటికే లెక్కలు ముగిసి ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే మీ కూడలి పేరు మూలధన పనుల జాబితాలో చేరేటట్టు చూసుకోవాలి.

ఆ తరువాత కదలిక కనబడకపోతే ప్రజా రికార్డుల చట్టం కింద సిటీ క్లర్క్‌కు అర్జీ పెట్టండి. మన సమాచార హక్కు చట్టం వంటిదే ఇది. అడిగిన రికార్డులు ఇవ్వదగినవో కావో 10 రోజుల్లో చెప్పాలి, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో మరో 14 రోజుల వరకు గడువు పొడిగించుకోవచ్చు. 'అన్ని కాగితాలు' అని అడగకుండా, కూడలి పేరు, రెండు తేదీల మధ్య కాలం, అధ్యయన నివేదిక అని స్పష్టంగా అడిగితే త్వరగా వస్తాయి.

ఇదంతా చేసినవారికి ఇంకొక మార్గం కూడా ఉంది. ప్లానింగ్, పార్కులు, గ్రంథాలయం, సైకిళ్లు, పాదచారుల కమిషన్లలో కౌన్సిల్ నియమించే సభ్యులు ఉంటారు, సిబ్బంది ప్రతిపాదనలు కౌన్సిల్ కంటే ముందు వారి దగ్గరికి వస్తాయి. 18 ఏళ్లు నిండిన కాలిఫోర్నియా నివాసి ఎవరైనా, పౌరసత్వంతో నిమిత్తం లేకుండా, ఇటువంటి నియామక పదవులకు అర్హులని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. అయితే సొంత చార్టర్ ఉన్న కొన్ని నగరాలు ఓటరు నమోదు అడుగుతాయి. రాబోయే ఏడాదిలో ఖాళీ కాబోయే స్థానాల జాబితాను నగరాలు ప్రతి ఏటా డిసెంబరు 31 లోపు తయారు చేసి అందుబాటులో ఉంచాలి. జాబితా రాగానే దరఖాస్తు నింపి, అంతకు ముందే ఆ కమిషన్ సమావేశాలకు రెండు మూడు సార్లు హాజరై ఉండండి, ఇంటర్వ్యూలో సభ్యులు తరచుగా అడిగే మొదటి ప్రశ్న మీరు వారి సమావేశం ఎప్పుడైనా చూశారా అన్నదే.